ఇగువానా తెచ్చుకుందామా వద్దా? మావాడి గొడవ తట్టుకోలేకపోతున్నా

మియాపూర్ నాన్న:

అందరికీ నమస్తే. ఇగువానా (ఆకులు తినే పెద్ద విదేశీ బల్లి) పెంచుతున్నవాళ్లు, పెంచలేక ఇచ్చేసినవాళ్లు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

మాది మియాపూర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, మూడో అంతస్తు. నేను, మా ఆవిడ, అయిదో తరగతి చదివే బాబు, మూడేళ్ల పాప, మా అమ్మ ఉంటాం. మావాడు క్లాస్‌మేట్ పుట్టినరోజుకి వెళ్లి వాళ్లింట్లో ఇగువానాని చూసొచ్చాడు, భుజం మీద ఎక్కించుకుని ఫోటో కూడా దిగాడు, ఇక ఆ రోజు నుంచి అన్నం దగ్గర ఇగువానా, స్నానం దగ్గర ఇగువానా. కుక్కని తెద్దామంటే అపార్ట్‌మెంట్‌లో రోజూ పంచాయితీ, పిల్లి అంటే నాకే తుమ్ములు. ఇదైతే అరవదు, బొచ్చు రాలదు, ఆకులు తింటుంది. మా ఇంట్లో నీచు వండరు కాబట్టి ఆ రకంగా కూడా ఇబ్బంది లేదనుకున్నా.

షాపులో అడిగితే జానెడు పిల్ల 12 వేలు అన్నాడు. గాజు తొట్టి, బల్బు కలిపి 18కి ఇస్తానన్నాడు. తర్వాత పెద్దదైతే ఎలా అంటే "తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుంది సార్" అన్నాడు, అక్కడే నాకు డౌటు కొట్టింది.

మా అమ్మ సంగతి వేరు. గోడ మీది బల్లి భుజం మీద పడితేనే తలస్నానం చేసి పంచాంగంలో బల్లిపాటు ఫలితం చూసుకునే మనిషి, కంచికి వెళ్లినప్పుడు బంగారు బల్లిని రెండుసార్లు ముట్టుకొచ్చింది. అయిదడుగుల బల్లి మీద పడితే ఏం ఫలితమో ఏ పంచాంగంలో ఉందిరా అని అడుగుతోంది. మా ఆవిడ మాత్రం ఒక్కటే అంది, "రోజూ పొద్దున్నే దానికి ఆకులు ఎవరు తరుగుతారో ముందు తేల్చండి" అని.

నిజంగా ఎంత పెరుగుతుంది? చిన్నపిల్ల ఉన్న ఇంట్లో పెట్టుకోవచ్చా? జబ్బు చేస్తే చూసే డాక్టర్లున్నారా? సంక్రాంతికి తణుకు వెళ్తే వారం రోజులు దీన్ని ఎవరు చూస్తారు?

నాలుగో వారం:

తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని విన్నాం, మియాపూర్‌లో ఇగువానా కూడా అవుతుందన్నమాట. జోక్ పక్కనపెడితే మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న అన్నా. మా ఇంట్లో చేపల తొట్టి మా అమ్మాయి ఏడిస్తేనే కొన్నాం, మూడు వారాలు తనే చూసుకుంది, నాలుగో వారం నుంచి నీళ్లు మార్చేది నేనే. నా పేరు కూడా అందుకే పెట్టుకున్నా.

అల్వాల్ భీముడు:

అన్నా, నేను ఆరేళ్లుగా పెంచుతున్నా. మగది, పేరు భీముడు. ముక్కు నుంచి తోక కొస దాకా నాలుగున్నర అడుగులు, అందులో సగానికి పైగా తోకే. తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుందన్నది పచ్చి అబద్ధం, అలా పెరగకుండా ఆగిపోయిందంటే అది జబ్బుపడినట్టు. బాగా చూసుకుంటే అయిదారు అడుగులకి పోతుంది, నాలుగైదు కిలోలు తూగుతుంది, 15 ఏళ్లు కూడా బతుకుతుంది. మీవాడు ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగంలో చేరి, పెళ్లి సంబంధాలు చూసే టైముకి కూడా ఇది మీ హాల్లోనే ఉంటుంది.

భీముడు నాకు రెండోది. మొదటిదాని గురించి చెప్తా, ఎందుకంటే మీకు చెప్పిన సెట్టే నాకూ అంటగట్టారు. మూడడుగుల గాజు తొట్టి, పైన మామూలు వేడి బల్బు. ఎండ తగలాలని కదా, తెచ్చి కిటికీ పక్కన పెట్టి చాలా తెలివైన పని చేశాననుకున్నా. రోజూ పాలకూర, కీరా. త్వరగా పెరుగుతుందని ఎవరో చెబితే వారానికోసారి ఉడికించిన గుడ్డు కూడా. ఎనిమిది నెలలు బాగానే ఉంది. ఒకరోజు పొద్దున ఆకు తినిపిస్తుంటే కింది దవడ నా వేలికి రబ్బరులా తగిలింది. నొక్కితే లోపలికి పోతోంది. అప్పుడు చూస్తే ముందు కాళ్ల వేళ్లు సన్నగా అదురుతున్నాయి, అది ఎప్పటి నుంచి అదురుతున్నాయో కూడా నాకు తెలీదు, రోజూ చూస్తూనే ఉన్నా మరి.

మా వీధిలో కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఇలాంటివి నేను చూడనండీ అన్నాడు, ఆయన్ని తప్పుపట్టను, కనీసం నిజం చెప్పాడు. అడిగి అడిగి ఇలాంటివి చూసే డాక్టర్ని పట్టుకునేసరికి అయిదు రోజులు పోయింది. ఎక్స్‌రేలో ఎముకలు నీడల్లా ఉన్నాయి. మూడు వారాలకి పోయింది.

ఆ డాక్టరే అప్పుడు వివరంగా చెప్పాడు. ఇది తిన్న కాల్షియం ఎముకలకి పట్టాలంటే డి3 విటమిన్ కావాలి, అది ఒంట్లో తయారవ్వాలంటే ఎండలో ఉండే యూవీబీ కిరణాలు చర్మానికి తగలాలి. కిటికీ అద్దంలోంచి వెలుగు వస్తుంది, వేడి వస్తుంది, యూవీబీ మాత్రం దాదాపు రాదు. దానికి తోడు పాలకూరలో ఆక్సలేట్లు అనే పదార్థాలుంటాయి, అవి ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి అందకుండా పట్టేసుకుంటాయి. గుడ్డయితే ఇంకా తప్పు, ఇది పూర్తిగా ఆకులు అరిగించుకునే జంతువు, గుడ్డూ మాంసం పెడుతూ పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. అంటే నేను ప్రేమగా పెట్టిన ప్రతిదీ దాన్ని చంపడానికే పనికొచ్చింది.

ఇక భీముడి ఇల్లు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, మూడడుగుల లోతు. కార్పెంటర్‌తో ప్లైవుడ్డు, జాలీ పెట్టి చేయించా, మా చిన్న బెడ్‌రూమ్‌లో సగం అదే ఉంటుంది. ఎత్తు ఎందుకంటే ఇవి చెట్ల మీద బతికేవి, నేల మీద ఉంచితే భయం భయంగా ఉంటాయి. పైన కొమ్మ మీద ఎండ కాచుకునే చోట 35 నుంచి 38 డిగ్రీలు ఉండాలి, కింద ఓ మూల 27 దాకా చల్లగా ఉండాలి, దానికి ఎక్కడ బావుంటే అక్కడికి అదే పోతుంది. యూవీబీ ట్యూబు పగలు పన్నెండు గంటలు. ఆ ట్యూబు వెలుగుతూనే ఉంటుంది కానీ కొన్నాళ్లకి అందులో యూవీబీ అయిపోతుంది, నేను ఏటా మారుస్తా, కొన్ని రకాలు ఆరునెలలకే మార్చాలి. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రులు 12, 13కి పడిపోతాయి కదా, అప్పుడు వెలుగు లేకుండా వేడి మాత్రం ఇచ్చే సిరామిక్ హీటరు పెడతా. ఎండాకాలం దీనికి రివర్సు, గాలి పొడిబారిపోతుంది, కుబుసం సరిగ్గా ఊడదు, కాలి వేళ్ల చుట్టూ, తోక కొసన దారంలా బిగుసుకుపోతే రక్తం ఆగి ఆ వేలే ఎండి రాలిపోతుంది. రోజుకి మూడుసార్లు నీళ్లు చల్లుతా. మొత్తం మీద నెలకి కరెంటు 900 దాకా అదనం.

తిండి మన దగ్గర సులువే, ఈ ఒక్క విషయంలో అదృష్టవంతులం. మునగాకు, మందార ఆకులు, మందార పూలు, ముల్లంగి ఆకు, ఆవ ఆకు, గుమ్మడికాయ తురుము. పుల్లకూరల జోలికి పోను, గోంగూర, చుక్కకూర రెండూ వద్దు. పూలంటే పిచ్చి దానికి, ఎర్ర మందారం చూపిస్తే గది ఆ చివర నుంచి దిగొస్తుంది.

ఇవేవీ షాపువాడు చెప్పడు. తుమ్ముతుంది, ముక్కులోంచి ఉప్పు బయటికి చిమ్ముతుంది, తలుపు అద్దం మీద తెల్లగా పేరుకుంటే మా ఆవిడ గోడ సున్నం రాలుతోందనుకుని మేస్త్రీకి ఫోన్ చేసింది. నీళ్ల తొట్టిలోనే దొడ్డికి వెళ్తుంది, రోజూ కడగాలి, వాసన పిల్లిదానికి తీసిపోదు.

అసలు సంగతి ఏంటంటే, చలికాలంలో మగదానికి జత కట్టే రుతువు వస్తుంది. ఒళ్లు నారింజ రంగుకి తిరుగుతుంది, గొంతు కింద తిత్తి సాచి తల పైకీ కిందకీ ఆడిస్తుంది, నెలన్నర పాటు ఇది మన భీముడేనా అనిపిస్తుంది. మొన్న జనవరిలో నీళ్ల గిన్నె తీద్దామని చెయ్యి పెడితే తోకతో ఒక్కటి కొట్టింది, మణికట్టు మీద బెత్తంతో కొట్టినట్టు వాత తేలింది, నాలుగు రోజులుంది. తోక కాబట్టి బతికిపోయా. పళ్లు చిన్నవే, రంపంలా ఉంటాయి, పట్టుకుంటే కుట్లు పడాల్సిందే. ఆడది తెచ్చుకుంటాలే అంటారా, పిల్లప్పుడు మగో ఆడో తేలదు, పైగా ఆడది మగ తోడు లేకపోయినా పెరిగాక పదుల్లో గుడ్లు పెడుతుంది, లోపలే ఇరుక్కుంటే ఆపరేషను.

నాకు భీముడంటే ప్రాణం. కానీ నిజం చెప్పాలి కదా, దానికి నేనంటే ప్రాణమేమీ కాదు, నేనొస్తే భయపడదు, అంతే, అది సాధించడానికే నాకు ఏడాదిన్నర పట్టింది.

ముందు కాగితం:

ఎవరూ చట్టం మాట ఎత్తలేదు. మన దేశపు జంతువు కాదు కాబట్టి అడిగేవాడు లేడు అని షాపుల్లో చెప్తారు, ఒకప్పుడు దాదాపు అలాగే నడిచింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటిస్ అంటే అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, అందులో ఉన్న విదేశీ జాతులన్నీ ఇప్పుడు ఈ చట్టం నాలుగో షెడ్యూల్‌లోకి, అంటే నాలుగో జాబితాలోకి వచ్చాయి, ఆకుపచ్చ ఇగువానా సైటిస్ రెండో అనుబంధంలో ఉంది కాబట్టి ఇదీ వాటిలో ఒకటి. 2024 ఫిబ్రవరిలో రూల్స్ కూడా వచ్చాయి. అలాంటి జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోపు పరివేష్ పోర్టల్‌లో (కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు) రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి, అంటే వన్యప్రాణుల వ్యవహారాలు చూసే అధికారికి దరఖాస్తు పెట్టాలి, తర్వాత ఇంకొకరికి ఇచ్చినా, చనిపోయినా చెప్పాలి. అందుకని "బిల్లు ఇస్తాను సార్" అంటే సరిపోదు, అమ్మేవాడి పేరు మీద దాని రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. నీళ్లు నమిలితే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇంకొకటి, సగం రేటుకే నాటు ఇగువానా ఇస్తానని ఎవడైనా అంటే అది ఉడుము పిల్ల. ఉడుము మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఇంట్లో దొరికితే జైలే. రామచిలుక, నక్షత్ర తాబేలు కూడా ఇంట్లో పెంచకూడదు. ఇవి చెబితే చుట్టాలు నన్ను విచిత్రంగా చూస్తారు, సగం ఇళ్లలో పంజరంలో రామచిలుక ఉంటుంది మరి.

గుంటూరు డాక్టరమ్మ:

మూడేళ్ల పాప ఉంది అన్నారు కాబట్టి రాస్తున్నాను. పాకే జంతువులు చూడ్డానికి శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్నా వాటి పేగుల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, మలంలో బయటికొస్తుంది, అక్కడి నుంచి దాని ఒంటికి, బోనుకి, మీ చేతులకి, సింకుకి. పెద్దవాళ్లకి రెండు రోజులు విరేచనాలై పోవచ్చు, చిన్నపిల్లలకి రక్తంలోకి, మెదడు పొరల దాకా వెళ్లే ప్రమాదం ఉంది. అయిదేళ్లలోపు పిల్లలు, పెద్ద వయసువాళ్లు, గర్భిణులు ఉన్న ఇంట్లో వద్దనే మేం చెప్తాం. మీ ఇంట్లో ఇద్దరున్నారు. పాప దాన్ని ముట్టుకోకపోయినా చాలదండీ, బాబు దాన్ని ఎత్తుకుని అదే చొక్కాతో చెల్లిని ఎత్తుకున్నా చాలు. అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్లని పెంపకానికి అమ్మకూడదని 1975లోనే ఆపేశారు, కారణం ఇదే, పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని.

మీవాడి క్లాస్‌మేట్ ఇంట్లో దిగిన ఫోటో తర్వాత వాడు చేతులు సబ్బుతో కడుక్కున్నాడో లేదో ఒకసారి అడగండి.

ఫోర్ట్ లాడర్‌డేల్ అక్క:

మాది అసలు భీమవరం, పదకొండేళ్లుగా ఫ్లోరిడాలో ఉంటున్నాం. మీరు డబ్బులిచ్చి కొనాలనుకుంటున్నది మా పెరట్లో ఫ్రీగా తిరుగుతుంది తమ్ముడూ. అత్తయ్య ఇండియా నుంచి వచ్చి ముచ్చటపడి నాటిన మందారాలు ఒక్క సాయంత్రంలో మోడు చేశాయి, మొగ్గ కూడా మిగల్చలేదు. స్విమ్మింగ్ పూల్‌లో దొడ్డికి వెళ్తాయి (పైన అల్వాల్ ఆయన నీళ్ల తొట్టి సంగతి రాస్తే నవ్వొచ్చింది). ఇంటి వెనక కాలువ గట్టుకి బొరియలు తవ్వి గోడ పగలగొట్టాయి, దాని రిపేరు ఖర్చు తలుచుకుంటే నవ్వు ఆగిపోతుంది.

ఇవి ఇక్కడివి కావు. మధ్య, దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి, 1960ల నుంచీ ఇక్కడ కనిపిస్తున్నాయి. పెంచుకోవడానికి తెచ్చినవి తప్పించుకుని కొన్ని, పెద్దవయ్యాక చూసుకోలేక జనం వదిలేసినవి కొన్ని, అలా అలా ఇంత అయ్యాయి. 2021 ఏప్రిల్ నుంచి ఫ్లోరిడాలో వీటిని నిషేధిత జాతుల్లో పెట్టారు. అప్పటికే ఇంట్లో పెంచుతున్నవాళ్లకి, ఇగువానా ఒంట్లో గుర్తింపు చిప్ వేయిస్తే పర్మిట్ ఇచ్చారు, కొత్తగా పెంచుకోవడానికి లేదు.

చలికి ఇవి తట్టుకోలేవని భీముడి నాన్నగారు రాశారు కదా, అది నేను కళ్లారా చూశాను. 2020 జనవరిలో మయామి వాతావరణ ఆఫీసువాళ్లు రాత్రికి చెట్ల మీంచి ఇగువానాలు పడొచ్చు, కంగారుపడకండి అని ప్రకటన ఇచ్చారు. నేను నవ్వుకుని పడుకున్నా, పొద్దున్నే చెత్తబుట్ట బయట పెడదామని వెళ్తే డ్రైవ్‌వేలో ఒకటి వెల్లకిలా, కళ్లు తెరిచే ఉంది, చచ్చిందనుకున్నా. తొమ్మిదిన్నరకి ఎండ తగిలి లేచి నడుచుకుంటూ పోయింది. పక్కింటి పెద్దాయన మాత్రం ఇది వండుకోవడానికి బావుంటుందంటాడు, వీటిని స్పానిష్‌లో చెట్టు మీది కోడి అంటారట. మీ అమ్మగారికి ఈ ముక్క చెప్పకండి.

మియాపూర్ నాన్న:

అందరికీ చాలా థాంక్స్. డాక్టరమ్మ గారూ, అడిగానండీ, కడుక్కోలేదట, కేక్ తిన్నాడట. ఆ రోజు మా ఆవిడ మొహం చూడాలి. అక్కా, కోడి సంగతి అమ్మకి చెప్పలేదు, కానీ పడిపోయిన ఇగువానా కథ చెబితే పాపం అంది, ఇన్ని రోజుల్లో దాని మీద ఆవిడ అన్న మొదటి మంచి మాట అదే.

భీముడి అన్నా, మావాడికి ఇదంతా చదివి వినిపించా. "నేను చేస్తా నాన్నా, అన్నీ నేనే చేస్తా" అంటున్నాడు. గదిలో సగం అంటే నా ఆఫీసు టేబుల్ తీసేయాలి, అది వేరే విషయం. వాడి ముఖం మీద వద్దని చెప్పడానికి మనసు రావట్లేదు. సంక్రాంతికి మీరేం చేస్తారో రాయలేదు.

అల్వాల్ భీముడు:

సంక్రాంతికి నేను ఊరెళ్లి నాలుగేళ్లయింది అన్నా. మా ఆవిడ, పిల్లలు వెళ్తారు, నేను భోగి రోజు కూడా మునగాకు దూస్తూ ఇక్కడే ఉంటా. ఒకసారి వాచ్‌మన్‌కి అప్పజెప్పి వెళ్తే మంచి మనసుతో అన్నం, పప్పు పెట్టాడు.

వద్దని మీరు చెప్పకండి. వాడినే తేల్చుకోనివ్వండి. మీ దగ్గర్లో మునగ చెట్టు ఉందా? ఉంటే రేపటి నుంచి పది రోజులు పొద్దున ఆరున్నరకి లేచి గిన్నెడు ఆకు దూసి, కడిగి, సన్నగా తరిగి టేబుల్ మీద పెట్టమనండి. సాయంత్రం ఒక తొట్టి కడగాలి, బాత్‌రూమ్ బకెట్ అయినా సరే. గుర్తుచేయకూడదు. పది రోజులు చేస్తే అప్పుడు పాపకి అయిదేళ్లు దాటాక ఆలోచిద్దాం, కాగితాలున్నదాన్ని నేనే దగ్గరుండి చూపిస్తా.

మియాపూర్ నాన్న:

పది రోజులైంది. మొదటి నాలుగు రోజులు అలారం కంటే ముందే లేచాడు. మా అపార్ట్‌మెంట్ గోడ పక్కనే మునగ చెట్టు, వాచ్‌మన్ కొమ్మలు వంచి ఇచ్చాడు. అయిదో రోజు వాన, ఆరో రోజు యూనిట్ టెస్ట్, ఏడో రోజు లేపితే "ఇంకా ఇగువానా రాలేదు కదా నాన్నా" అని అటు తిరిగి పడుకున్నాడు. దూసిన ఆకు పారేయడం ఎందుకని అమ్మ రోజూ పప్పులో వేసింది, నాలుగు రోజులు వరసగా మునగాకు పప్పే తిన్నాం. నేను వాడిని ఏమీ అనలేదు, నిన్న రాత్రి వాడే వచ్చి "భీముణ్ని చూసొస్తే చాలు" అన్నాడు.

ఆదివారం నేనూ వాడూ రావచ్చా అన్నా? పాపని తేను. మందార పూలు తెస్తాం, మా కింది ఫ్లోర్ ఆంటీ దగ్గర ముద్ద మందారం ఉంది, అది తింటుందా?

అల్వాల్ భీముడు:

తింటుంది. మందు కొట్టలేదని ఆంటీని అడిగి కొయ్యండి. పదకొండు తర్వాత రండి, అప్పటికి ఎండ కాచుకుని కాస్త హుషారుగా ఉంటాడు. సబ్బు ఇక్కడ ఉంది.